సింగపూర్‌లో ఆసియా నాగరికతల మ్యూజియం: వైజాగ్ నుంచి వెళ్లే కుటుంబం ఎలా చూస్తే బాగుంటుంది?

ముందుగా మీరు అడిగినది క్లుప్తంగా. ఎంవీపీ కాలనీ నుంచి మీరు, మీవారు, ఏడేళ్ల పాప, పన్నెండేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు నాలుగు రోజులకి సింగపూర్ వెళ్తున్నారు. ఏసియన్ సివిలైజేషన్స్ మ్యూజియం చూడాలని మీకుంది. "కుండలు, బొమ్మలు చూడ్డానికి అంత దూరం వెళ్లాలా, పిల్లలు విసిగిపోతారు" అని మీవారు అంటున్నారు. ఇంట్లో ఎవరికీ కళల గురించి తెలియదు కాబట్టి వెళ్లినా ఏం అర్థమవుతుందోనని మీకు టెన్షన్.

వెళ్లండి. కాకపోతే రెండున్నర గంటలు మించి ఉండొద్దు, మూడు గదులకి మించి చూడొద్దు. కింది అంతస్తులో మునిగిపోయిన ఓడ సామాను, రెండో అంతస్తులో పాత మతాల విగ్రహాలు, మూడో అంతస్తులో బట్టలు. ఇంకొక్క మాట. విమానం ఎక్కే ముందు ఒక ఆదివారం పొద్దున్నే పిల్లల్ని తొట్లకొండ తీసుకెళ్లండి. నా జవాబులో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎందుకో చెప్తాను.

నేను వైజాగ్‌లో ఇరవయ్యారేళ్లు సోషల్ చెప్పాను. పిల్లల్ని తొట్లకొండ, బావికొండ, శంకరం దగ్గరి బొజ్జన్నకొండ ఎన్నిసార్లు తిప్పానో లెక్క లేదు. మా అమ్మాయి ఉద్యోగం సింగపూర్‌లో కాబట్టి ఈ మ్యూజియానికి ఇప్పటికి ఐదుసార్లు వెళ్లాను, అందులో మూడుసార్లు పిల్లలతో. మొదటిసారి మాత్రం పొరపాటు చేశాను. మూడు అంతస్తులూ చూసెయ్యాలని రెండు గంటల్లో పరుగెత్తాను. సాయంత్రం మా అమ్మాయి "ఏం చూశావు?" అని అడిగితే, ఒక్క వస్తువు గురించి కూడా రెండు వాక్యాలు చెప్పలేకపోయాను. మనసుకి చాలా కష్టమనిపించింది. రెండోసారి ఒక్క ఓడ గది దగ్గరే గంటన్నర కూర్చున్నాను. అక్కడినుంచే నాకు ఆ మ్యూజియం తెరుచుకుంది.

తొట్లకొండ ఎందుకంటే

బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు 16 కిలోమీటర్లు వెళ్తే వస్తుంది. సముద్రానికి 128 మీటర్ల ఎత్తున రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. 1988 నుంచి 1993 దాకా జరిగిన తవ్వకాల్లో స్తూపాలు, భిక్షువుల గదులు, వంటశాల బయటపడ్డాయి. వాటితోపాటు శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ల వెండి నాణేలు కూడా దొరికాయి. రోమ్ నాణెం మన భీమిలి రోడ్డు పక్క కొండ మీదికి ఎలా వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న మీ బాబుని అడిగి ఊరుకోండి. జవాబు మీరు చెప్పొద్దు. కొండ మీదినుంచి కిందికి చూస్తే సముద్రం, దూరంగా ఓడలు కనిపిస్తాయి. వాడే చెప్తాడు.

అలా చెప్పిన పిల్లాడు సింగపూర్‌లో ఓడ గదిలోకి అడుగుపెడితే ఆ కుండలు వాడికి కుండల్లా కనిపించవు. బంగాళాఖాతానికి ఇటు ఒడ్డున మనం ఉన్నాం, ఆ జలాలు దాటి వెళ్తే ఆగ్నేయాసియావాళ్లున్నారు. ఆసియా కళల మ్యూజియం అంటే ఎవరో పరాయివాళ్ల సంగతి అనుకుంటాం. నిజానికి అందులో సగం మన సముద్రం కథే. మలయా వైపు దక్షిణ భారతీయుల్ని చాలాకాలం 'కెలింగ్' అని పిలిచేవారు. ఆ మాట కళింగం నుంచి వచ్చిందంటారు. మనం ఉన్నది ఆ కళింగ తీరంలోనే.

మునిగిపోయిన ఓడ

1998లో ఇండోనేసియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర, సముద్రంలో మునిగి జీవాల్ని పట్టుకునే జాలర్లకి ఒక దిబ్బ తగిలింది. అది 9వ శతాబ్దపు ఓడ. చైనా నుంచి పడమటికి సరుకు తీసుకెళ్తూ మునిగిపోయింది. అందులో దాదాపు 60,000 పింగాణీ, మట్టి పాత్రలు ఉన్నాయి. ఎక్కువ భాగం చాంగ్షా అనే చోట కాల్చిన గిన్నెలు. ఒక గిన్నె మీద చైనా లెక్కలో తేదీ కూడా గీసి ఉంది, మన లెక్కలో 826వ సంవత్సరం. ఓడ వయసు తెలియడానికి ఆ గీత ఒక ముఖ్యమైన ఆధారం.

ఈ గదిలో చూడాల్సినవి నా వరకు నాలుగు.

గిన్నెల్ని ఎలా సర్దారో చూడండి. పెద్ద పెద్ద ఆకుపచ్చ జాడీల్లో గిన్నె మీద గిన్నె మెలి తిప్పినట్టు చుట్టూ పేర్చారు. మన ఇళ్లల్లో ఇల్లు మారేటప్పుడు గాజు గ్లాసులు సర్దిన వాళ్లకి ఆ తెలివి వెంటనే తెలుస్తుంది. పన్నెండు వందల ఏళ్లు నీళ్లలో ఉన్నా చాలా గిన్నెలు పగలకపోవడానికి ఆ సర్దుడు ఒక కారణం.

తర్వాత గిన్నెల మీది బొమ్మలు. పిట్ట, చేప, పువ్వు, మబ్బు. నాలుగు గీతల్లో గీసేశారు. వేలకొద్దీ గీసిన చెయ్యి అది, అందుకే ఎక్కడా తడబాటు ఉండదు. ఏడేళ్ల పాపకి ఇక్కడ ఒక పెన్సిలు, చిన్న నోటుబుక్కు ఇవ్వండి. "నీకు నచ్చిన ఒక్క గిన్నె గియ్యి" అనండి. మీకు ఇరవై నిమిషాలు ప్రశాంతంగా దొరుకుతాయి. పాపకి ఆ గిన్నె ఎప్పటికీ గుర్తుంటుంది.

మూడోది బంగారు కప్పు. ఎనిమిది పలకల కప్పు, పలకల మీద వాయిద్యాలు పట్టుకున్న మనుషులు, నాట్యం చేసే మనిషి. చైనాని టాంగ్ వంశం ఏలిన కాలం బంగారు కప్పుల్లో ఇంత పెద్దవి చాలా అరుదు.

నాలుగోది మీ అత్తగారికి. ఆ ఓడలో అనాస పువ్వు దొరికింది. మనం బిర్యానీలో వేసే అనాస పువ్వే. ఈ సంగతి చెప్పగానే మా అత్తగారి ముఖం వెలిగిపోవడం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అప్పటిదాకా ఆవిడ బల్ల మీద కూర్చుని ఎప్పుడు వెళ్దామా అని చూస్తున్నారు.

ఇక ఓడ గురించి. దాన్ని మేకులు కొట్టి కట్టలేదు. పలకల్ని తాడుతో కుట్టారు. పడమటి ఆసియావాళ్ల పద్ధతి అది. ఈ మాట విన్నప్పుడు నాకు పెద జాలారిపేటలో ఒక ముసలాయన చెప్పింది గుర్తొచ్చింది. వాళ్ల తాతల కాలంలో పడవ పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారట. మన కోస్తా అంతటా మసూలా పడవలు అలాంటివే. మేకులు కొట్టిన పడవ ఒడ్డున కెరటం దెబ్బకి, ఇసుకలో పడ్డ దెబ్బకి పగులుతుంది. కుట్టిన పడవ కొద్దిగా వంగి మళ్లీ సర్దుకుంటుంది. వైజాగ్‌లో ఇప్పుడున్న హార్బరు 1933లో మొదలైంది. అంతకుముందు ఓడ దూరంగా ఆగితే, కెరటాలు దాటి మనుషుల్ని, సరుకుని ఒడ్డుకి చేర్చింది ఈ కుట్టు పడవలే. మ్యూజియంలో ఓడ నమూనా ముందు నిలబడి ఇది మీ పిల్లలకి చెప్పండి. అక్కడ ఏ గైడూ ఈ సంగతి చెప్పడు, మన ఊరివాళ్లే చెప్పాలి.

ఒక మాట దాచకూడదు. ఆ ఓడని పురావస్తు శాస్త్రవేత్తలు నెమ్మదిగా తవ్వి తియ్యలేదు, ఒక వ్యాపార కంపెనీ సరుకు పైకి తీసింది. తర్వాత సింగపూర్ కొన్నది. ఈ కారణంగానే 2011లో అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో దీన్ని ప్రదర్శించాలనుకున్నప్పుడు చాలామంది నిపుణులు అభ్యంతరం చెప్పారు, అది ఆగిపోయింది. అలాగని చూడొద్దని నేననను. సామాను ముక్కలు ముక్కలుగా వేలంలో నలుగురి ఇళ్లకీ పోకుండా ఎక్కువ భాగం ఒకేచోట ఉండడం పెద్ద విషయం. కానీ పన్నెండేళ్ల బాబుకి ఈ వాదన చెప్పండి. ఆ వయసు పిల్లలు న్యాయాన్యాయాల గురించి మనకంటే గట్టిగా ఆలోచిస్తారు.

విగ్రహాల గది

రెండో అంతస్తుకి లిఫ్టు ఉంది. బుద్ధ విగ్రహాలు చాలా ఉంటాయి. అన్నీ ఒకేలా ఉన్నాయే అనిపిస్తుంది. మొహం చూడకండి, ముందు బట్ట చూడండి. గాంధార (ఇప్పటి పాకిస్తాన్, అఫ్ఘనిస్తాన్ వైపు) విగ్రహమైతే రెండు భుజాలూ కప్పి, దళసరి దుప్పటిలా మడతలు పడి ఉంటుంది. అది చలి దేశం, గ్రీకు శిల్పుల పద్ధతి అక్కడికి చేరింది. మన అమరావతి, నాగార్జునకొండ తీరు విగ్రహంలో కుడి భుజం ఖాళీగా ఉంటుంది, బట్ట పల్చటి మడతలతో ఒంటికి అంటుకుని, కింద అంచు దగ్గర బరువుగా ఒక మడత వేలాడుతుంది. గుప్తుల కాలం సారనాథ్ విగ్రహానికి వచ్చేసరికి మడతలే ఉండవు, తడి బట్ట కట్టినట్టు ఉంటుంది. ఈ మూడూ తెలిస్తే థాయిలాండ్, వియత్నాం, జావా విగ్రహాల దగ్గర పిల్లలే "ఇది మనది, ఇది ఉత్తరాదిది" అని పట్టుకోవడం మొదలుపెడతారు. ఆగ్నేయాసియాలో దొరికిన తొలి బుద్ధ విగ్రహాల్లో కొన్ని అచ్చం మన కృష్ణా తీరం తీరులోనే ఉంటాయి.

మీ బాబు ఒక ప్రశ్న వేస్తాడు, నా విద్యార్థులు ఎప్పుడూ వేస్తారు: "మరి తొట్లకొండలో బుద్ధుడి విగ్రహం ఎందుకు లేదు?" అక్కడున్నది హీనయాన విహారం, అంటే బౌద్ధంలో పాత శాఖవాళ్లది. వాళ్లు స్తూపానికి, పాదాలకి మొక్కేవారు. విగ్రహ పూజ తర్వాతి కాలంలో పెరిగింది. అందుకే ఆ తర్వాతి కాలంలో కూడా నడిచిన బొజ్జన్నకొండకి వెళ్తే బుద్ధుడు కనిపిస్తాడు.

చోళుల కాలపు లోహ విగ్రహాల దగ్గర మీ అత్తగారిని ముందు నిలబెట్టండి. ఆ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసింది ఆవిడకే. మా అత్తగారు అమ్మవారి విగ్రహం కనిపించగానే చెప్పులు పక్కన విడిచి చేతులు జోడించారు. నేను కంగారుపడ్డాను. అక్కడి ఉద్యోగిని ఏమీ అనలేదు, కొంచెం దూరం జరిగి చోటిచ్చింది. తర్వాత మా అత్తగారు మెల్లగా "ఇక్కడ దీపం ఎవరు పెడతారే?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అవి ఉత్సవ విగ్రహాలు. పీఠానికి ఉన్న కంతలు, కొక్కేలు పిల్లలకి చూపించండి. ఊరేగింపులో కర్రలు దూర్చి మోయడానికి, కదలకుండా కట్టడానికి అవి. గుళ్లో ఈ విగ్రహాన్ని మనం ఎప్పుడూ ఇలా చూడం. పట్టుబట్ట, పూలదండలు, నగలు, వీటి మధ్య మొహం మాత్రమే కనిపిస్తుంది. సింహాచలంలో స్వామి నిజరూపం కోసం ఏడాదికొక్కరోజు ఎంతసేపు క్యూలో నిలబడతామో మీకు తెలుసు. మ్యూజియంలో నడుము వంపు, వేళ్లు, వెనకవైపు జడ అన్నీ కనిపిస్తాయి. తప్పకుండా వెనక్కి తిరిగి వెళ్లి చూడండి. శిల్పి ఎవరూ చూడని వెనకవైపుని కూడా అంతే శ్రద్ధగా చేశాడు.

ఈ మ్యూజియమే 2007లో 11వ శతాబ్దపు ఉమాదేవి విగ్రహం ఒకటి కొన్నది. అది తమిళనాడులోని అరియలూరు జిల్లాలో ఒక శివాలయం నుంచి దొంగిలించిందని తేలాక 2015లో మన దేశానికి తిరిగి ఇచ్చేసింది. నేను ఈ సంగతి ఇంటికొచ్చాక చెప్తే మా అత్తగారు చాలాసేపు మౌనంగా ఉండి, "పోనీలే, అమ్మ ఇంటికొచ్చింది" అన్నారు. విగ్రహం కింద పలక మీద అది ఎక్కడినుంచి, ఏ సంవత్సరంలో మ్యూజియానికి చేరిందో చదివే అలవాటు పిల్లలకి చెయ్యండి.

బట్టలు

ఇక్కడ క్లుప్తంగా చెప్తాను. పాత బట్టకి వెలుతురు పడదు, అందుకే మార్చి మార్చి పెడతారు, గది చీకటిగా ఉంటుంది. మీరు వెళ్లినప్పుడు ఏవి ఉంటాయో ముందే చెప్పలేను. కోరమాండల్ అనే పేరు కనిపిస్తే మాత్రం ఆగండి. అది మన తీరమే. మచిలీపట్నం చుట్టుపక్కల కరక్కాయ రసంలో నానబెట్టి, కలంతో గీసి, చిరివేరుతో ఎర్రరంగు ఎక్కించిన బట్టని ఓడల్లో తూర్పు దీవులకి తీసుకెళ్లి లవంగాలు, జాజికాయలకి మారకంగా ఇచ్చేవారు. డచ్చివాళ్లు భీమిలిలో స్థిరపడింది కూడా వ్యాపారం కోసమే, వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. మన దగ్గర కట్టి చింపేసిన బట్ట, సులవేసి దీవిలో తరతరాలుగా ఇంటి పెద్దల ఆస్తిగా, పూజల్లో మాత్రమే బయటికి తీసే వస్తువుగా దాచుకున్నారు. మన బట్ట ఎలా ఉండేదో మనం వాళ్ల పెట్టెల్లోంచి తెలుసుకోవాల్సి వస్తోంది.

ఇంకోటి, ఇది ఏ మ్యూజియంకి వెళ్లినా గుర్తుపెట్టుకోండి. చెక్క పెట్టె గానీ కుర్చీ గానీ ఏనుగు దంతపు పని చేసి, నల్లటి సన్నటి గీతలతో పూలతీగలు ఉంటే, పలక మీద 'విజగపటం' అని రాసి ఉందేమో చూడండి. అది మన విశాఖపట్నమే. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్లు దంతం మీద గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపేవారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇలాంటివి ఉన్నాయి. నేను ఆ పేరు మొదటిసారి ఒక పుస్తకంలో ఫోటో కింద చూసి, ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో పాఠం చెప్తూ ఈ సంగతి పిల్లలకి ఒక్కసారైనా చెప్పలేదే అని బాధపడ్డాను.

లక్క అన్నాను కాబట్టి ఒక తేడా. చైనా, బర్మా లక్క పెట్టెలు చూసి చాలామంది మన ఏటికొప్పాక బొమ్మల్లాంటివే అనుకుంటారు. మనది అంకుడు కర్ర మీద పురుగు నుంచి వచ్చే లక్క. వాళ్లది చెట్టు నుంచి కారే పాలు, పొర మీద పొర వేసి నెలల తరబడి ఆరబెడతారు. పాపకి చిన్న ఏటికొప్పాక బొమ్మ ఒకటి బ్యాగులో పెట్టి ఇవ్వండి, పక్కపక్కన పోల్చుకుంటుంది.

మిగతా ఏర్పాట్లు

రాఫెల్స్ ప్లేస్ మెట్రో స్టేషన్ నుంచి నది దాటితే మ్యూజియమే. శుక్రవారం రాత్రి 9 దాకా తెరిచి ఉంచుతారు, సాయంత్రం ఎండ తగ్గాక వెళ్తే పెద్దవాళ్లకి హాయి. వేళలు, టికెట్ ధర మాత్రం వెళ్లే ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. స్వచ్ఛందంగా తిప్పి చూపించేవాళ్లు ఉంటారు, బాగా చెప్తారు, కానీ గంట సేపు నిలబడాలి. మీ అత్తగారితో ఉన్నప్పుడు అది వద్దు. వీల్‌చైర్ కావాలంటే మొహమాటపడకుండా ముందు డెస్క్ దగ్గర అడగండి. లోపల ఏసీ చాలా చల్లగా ఉంటుంది, ఆవిడకి శాలువా తప్పనిసరి. ఫోటోలకి ఫ్లాష్ వద్దు. నా సలహా అయితే మొదటి గంట ఫోను బయటికే తియ్యొద్దు.

మీవారి మాటకి కూడా సమాధానం చెప్పాలి. ఆయన అన్నది తప్పు కాదు, వరసగా కుండలు చూపిస్తే ఎవరికైనా విసుగే. ఆయనకి కట్టడాల మీద ఆసక్తి ఉంటే, ఆ భవనం గురించి చెప్పండి. 1867లో కోర్టు కోసం కట్టారు. కట్టినవాళ్లు అప్పట్లో మన దేశం నుంచి శిక్షపడి సముద్రం దాటించిన ఖైదీలు. అక్కడికి దగ్గర్లో సెయింట్ ఆండ్రూస్ చర్చి కూడా వాళ్ల చేతులతో లేచిందే. దాని గోడలకి మద్రాసు సున్నం పూశారు. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, చక్కెర కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు పోసి చేసిన పూత అది. మ్యూజియం నుంచి అక్కడికి మైదానం పక్కగా నడిచి వెళ్లొచ్చు. అత్తగారికి అనాస పువ్వు చూపించాక, మీరూ పిల్లలూ ఓడ గదిలో ఇంకా ఉంటే, ఆయన్ని అత్తగారితో నది ఒడ్డున కాసేపు కూర్చోమన్నా బాగుంటుంది. తర్వాత ఇద్దరూ రెండో అంతస్తు దగ్గర మీతో కలవొచ్చు.

తొట్లకొండకి పొద్దున్న 7 గంటలకల్లా బయల్దేరండి. పదయ్యేసరికి రాళ్లు కాలిపోతాయి. నీళ్లు, టోపీలు పట్టుకెళ్లండి. అత్తగారిని తీసుకెళ్లాలనుకుంటే కారు దాదాపు పైదాకా వెళ్తుంది.